రికార్డుల నడుమ సంబంధము: తెరపై దాని ప్రదర్శనము

“ఈ పొలము ఎవరిది?”, “ఈ కావ్యమును ఎవరు రచించిరి?”, “ఆమె మీకేమగును?” ఇట్టి ప్రశ్నలకు ఉత్తరము ఒక వస్తువు గాదు; రెండు వస్తువుల నడుమనున్న సంబంధము. పొలము కలదు, మనుష్యుడు కలడు. అడిగినవానికి కావలసినది ఈ రెంటిని కలుపు మూడవది. అది కంటికి కనబడునది కాదు. నోట చెప్పినగాని, అక్షరమున వ్రాసినగాని అది యున్నట్లు తెలియదు.

గ్రంథాలయముల పట్టికలును, భూమి రికార్డులును, వంశవృక్షములును నేడు డేటాబేసులలోని కెక్కి, వెబ్ పేజీలపై ప్రజలకు కనబడుచున్నవి. డేటాబేసునందు సంబంధమును భద్రపరచుట యొక విద్య. దానిని చదువరికి పేజీపై చూపుట వేరొక విద్య. మొదటిదానికి ఏబదియేండ్లకు మించిన శాస్త్రము కలదు. రెండవది పెక్కుచోట్ల పేజీని తయారుచేయువాని తొందరకు విడువబడినది. తెలుగు చదువరి విషయమున ఈ రెండవది భాషాసమస్య కూడ నగుటచేత, తెలుగు శాఖలవారు దీనిని విచారింపదగునని మా యభిప్రాయము.

మాకీ విచారము కలిగిన సందర్భము చిన్నది. మేము పరిశీలించిన వ్రాతప్రతుల వివరములను ఒక పట్టికగా వ్రాసి, మాధాపురమున సాఫ్ట్‌వేరు కొలువు చేయుచున్న మా పూర్వవిద్యార్థి కిచ్చి, వెబ్ పేజీగా చేయుమంటిమి. పట్టికలో “కవి” యను కాలమ్ ఒకటి యుండెను. ఆంధ్రమహాభారతము అరణ్యపర్వపు ప్రతికి ఎదురుగా “నన్నయ, ఎఱ్ఱన” అని వ్రాసియుంటిమి. అతడు రెండు దినములకు ఫోను చేసి, “సార్, వీళ్లిద్దరూ కలిసి రాశారా, ఒకరి తర్వాత ఒకరు రాశారా? పేజీలో ఏమని చూపించమంటారు?” అని యడిగెను. మేము పదునైదేండ్లుగా తరగతిలో చెప్పుచున్న విషయమును మా పట్టికలోని కామా యొకటి మ్రింగివేసినట్లు అప్పుడు తెలిసినది.

అరణ్యపర్వమున నాల్గవ ఆశ్వాసము నడుమ వఱకు పదునొకండవ శతాబ్దివాడైన నన్నయ రచించెను. శేషమును పదునాల్గవ శతాబ్దివాడైన ఎఱ్ఱన పూరించెను. పూరించుచు తన పేరున గాక, నన్నయయే చెప్పినట్లుగా రాజరాజనరేంద్రునకు అంకితముగా ముగించెను. కావున ఎఱ్ఱనకును ఆ పర్వమునకును గల సంబంధము “రచించెను” అనుటతో తీరదు. “శేషమును పూరించెను” అనవలెను, “నన్నయ పేర” అని చేర్పవలెను. రాజరాజునకును ఎఱ్ఱన పూరించిన భాగమునకును గల సంబంధము మఱియు విచిత్రము. కృతిపతి మరణించి రెండు శతాబ్దులు దాటిన పిదప ఏర్పడిన సంబంధమది. రెండు పేర్ల నడుమ కామా పెట్టి మేమీ మూడింటిని చెరిపివేసితిమి.

డేటాబేసు నిర్మాణము తెలియని పాఠకులకై ఇచట కొంత చెప్పవలసి యున్నది. ఒక్కొక్క తెగ వస్తువులకు ఒక్కొక్క పట్టిక యుండును: కవులకొకటి, గ్రంథములకొకటి, ప్రతులకొకటి. పట్టికలోని యొక్కొక్క అడ్డువరుస ఒక రికార్డు. ప్రతి రికార్డునకు దానిదైన సంఖ్య యుండును. దానిని కీ యందురు. ఒక ప్రతియందు ఒకే గ్రంథమున్నచో, ప్రతుల పట్టికలో ఆ గ్రంథపు సంఖ్యను వ్రాసికొనిన చాలును. ఇట్లు ఒక పట్టికలో నిలిచి వేరొక పట్టికలోని రికార్డును చూపు సంఖ్యకు ఫారిన్ కీ యని పేరు. కాని తాళపత్ర సంపుటములను ముట్టినవారికి తెలియును, ఒకే కట్టలో శతకమొకటి, వైద్యగ్రంథమొకటి, సగము వ్యాకరణమొకటి కలిసియుండుట సామాన్యము. ఒకే గ్రంథమునకు పెక్కు ప్రతులుండుటయు సామాన్యము. ఇరువైపుల పెక్కు గలచోట ఫారిన్ కీ యొకటి చాలదు. నడుమ మూడవ పట్టిక కావలెను. దాని ప్రతివరుసయు ఈవైపు రికార్డు సంఖ్యను, ఆవైపు రికార్డు సంఖ్యను పట్టుకొని నిలుచును.

ఈ నడిమి పట్టికయే మా దృష్టిలో ప్రధానము. ఇది వస్తువులకు గాక, సంబంధములకే యేర్పడిన పట్టిక. సంబంధమును గూర్చి చెప్పదగిన దంతయు, అనగా ఏ భాగము, ఏ హోదా, ఏ కాలము, ఏ ఆధారము అనునవి, దీనియందే యిముడును. పోతన భాగవతమును చూడుడు. పంచమస్కంధము గంగనది, షష్ఠస్కంధము సింగనది, ఏకాదశ ద్వాదశ స్కంధములు వెలిగందల నారయవి. గ్రంథమొకటి, కవులు నలుగురు, నడిమి పట్టికలో వరుసలు నాలుగు. ప్రతివరుసలోను “భాగము” అను గడి నిండియుండవలెను. ఆ గడి లేనిచో భాగవతమును నలుగురు కలిసి కూర్చుండి వ్రాసినట్లు పేజీ చెప్పును. అబద్ధమాడితినని దానికి తెలియదు.

యంత్రపు వ్యయమును గూర్చి యొకమాట. నూరు గ్రంథముల పట్టికను చూపునపుడు, ఒక్కొక్క గ్రంథమునకు కవి యెవరని వేరువేరుగా డేటాబేసు నడిగినచో, మొదటి ప్రశ్నతో కలిపి 101 ప్రశ్నలగును. రెండు పట్టికలను ముందే కలిపి తెచ్చు జాయిన్ అను ప్రక్రియచే ఆ పని యొక ప్రశ్నతో ముగియును. మా విద్యార్థి మొదట చేసిన పేజీ తెఱచుకొనుటకు ఆలస్యమగుటకు ఇదియే కారణమని అతడే చెప్పి సరిదిద్దుకొనెను. ఇది సాంకేతికుల పని; మనము తలదూర్ప నక్కఱలేదు.

తలదూర్పవలసిన చోటు వేరొకటి కలదు. 1970లో ఐబీఎం సంస్థకు చెందిన ఎడ్గార్ కాడ్ అను పండితుడు ప్రకటించిన వ్యాసము నుండి రిలేషనల్ డేటాబేసు అను మాట వ్యాప్తికి వచ్చినది. పట్టికల నడుమ సంబంధములుండుటచే ఆ పేరు వచ్చినదని పెక్కుమంది తలచుచున్నారు. అది సరికాదు. గణితశాస్త్రమున రిలేషన్ అనగా వరుసగా కలిసి నిలిచిన విలువల జట్ల సమూహము. కాడ్ దృష్టిలో పట్టికయే రిలేషను. పట్టికల నడిమి సంబంధమునకు ప్రత్యేకముగా పేరు, స్థానము ఇచ్చినవాడు పీటర్ చెన్. అతడు 1976లో ప్రకటించిన పద్ధతిలో వస్తువులను దీర్ఘచతురస్రములుగను, సంబంధములను వజ్రాకృతులుగను గీసి, ఆ వజ్రాకృతిలో సంబంధపు పేరు వ్రాయవలెననెను. 1983లో అతడే ఆంగ్లవాక్యమును ఈ పటముతో పోల్చి, నామవాచకము వస్తువునకును, సకర్మకక్రియ సంబంధమునకును సరిపోవునని చూపెను. వైయాకరణులకు పరిచితమైన దారిలోనికే ఆ శాస్త్రము వచ్చినదన్నమాట.

వెబ్ చరిత్రలోను ఇట్టిదే జరిగినది, కాని వెనుకకు. టిమ్ బర్నర్స్-లీ 1989లో సెర్న్ పరిశోధనాలయమున సమర్పించిన ప్రతిపాదనకు మొదటి పుటలో ఒక పటము కలదు. అందు వలయముల నడుమ బాణములున్నవి. బాణములపై “వివరించుచున్నది”, “ఇముడ్చుకొన్నది”, “వ్రాసెను” వంటి అర్థమిచ్చు మాటలున్నవి. అనగా లంకె దేనికో, ఏ సంబంధముచేతనో చెప్పవలెనని ఆయన మొదటి తలంపు. తరువాత వెబ్ పేజీల భాషలో రెల్, రెవ్ అను రెండు లక్షణములు వచ్చినవి. మొదటిది ముందునకు, రెండవది వెనుకకు సంబంధమును చెప్పుటకు. రెవ్ నేటి ప్రమాణములలో తొలగింపబడినది. రెల్ మిగిలినను అది చదువరికి కనబడదు, యంత్రములే చదువుకొనును. చదువరికి మిగిలినది నీలిరంగు, క్రిందగీత. లంకె నొత్తి ఆవలికి పోయిన పిదప గాని అతడేల పోయెనో అతనికి తెలియదు.

ఇంతవఱకు చెప్పినది పుస్తకముల సంగతి. కామా తప్పినచో పరిశోధకుడొకడు పొరబడును. అంతకుమించిన నష్టము లేదు. మా విద్యార్థి కొలువు చేయు మేడ నిలిచిన నేలకే వచ్చితిమేని, సంబంధమునకు పేరుండుటయు, లేకుండుటయు కూటికి సంబంధించిన విషయమగును.

1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. హైటెక్ సిటీ అను పేరు అప్పటినుండి నిలిచినది. దాని చుట్టునున్న రెవెన్యూ గ్రామముల పేర్లను చూడుడు: రాయదుర్గము పన్మక్తా, రాయదుర్గము పాయిగా, రాయదుర్గము నవ్‌ఖాల్సా. ఊరి పేరొకటే, వెనుక చేరిన మాటలు మూడు. పన్మక్తా యనగా స్థిరముగా నిర్ణయించిన శిస్తుపై ఇచ్చిన గ్రామము. పాయిగా యనగా పాయిగా ప్రభువుల సంస్థానమునకు చెందినది. ఖాల్సా యనగా నేరుగా ప్రభుత్వమునకు శిస్తు చెల్లునది. ఈ మూడును వస్తువుల పేర్లు కావు. నేలకును, దానిపై వసూలు చేయువానికిని గల సంబంధముల పేర్లు. 1358 ఫసలీలో, అనగా 1949లో, జాగీర్ల రద్దు శాసనము వచ్చి ఆ సంబంధములను త్రెంపినది. పేర్లు మాత్రము నిలిచి, నేటి బహుళ అంతస్తుల దస్తావేజులలోను వ్రాయబడుచున్నవి. సంబంధము పోయినను పేరు మిగులుట ఇచట చూచితిమి. పేరు పోయినచో సంబంధమేమగును?

తెలంగాణపు పహాణీలో ముప్పదికి పైగా కాలమ్‌లుండెడివి. సర్వే నంబరు, విస్తీర్ణము, శిస్తు, పైరు, నీటివసతి మున్నగువానితోపాటు పట్టాదారు పేరు ఒక కాలమ్‌లోను, అనుభవదారు పేరు వేరొక కాలమ్‌లోను ఉండెడివి. 1954-55 నాటి ఖాస్రా పహాణీని నేటికిని న్యాయస్థానములలో చూపుచున్నారనిన, ఆ కాలమ్‌ల విలువ తెలియును. ఆంధ్రమున అడంగలునందు “అనుభవ స్వభావము” అను కాలమ్ గూడ కలదు. కొనుగోలు, వారసత్వము మున్నగు విలువలు దానిలో వ్రాయబడును. సాంకేతిక పరిభాషలో చెప్పవలెనన్న ఇది సంబంధమునకే యుండు లక్షణము. నడిమి పట్టికలో మేము కోరిన గడి ఇదియే. గ్రామకరణములు చెన్ వ్యాసమును చదువలేదు. పని వారికి దారి చూపినది.

“దారు” అను ప్రత్యయమును గూర్చి పక్కకు తొలగి కొంచెము చెప్పుట అవసరము. పారసీకమున “దార్” అనగా కలిగియున్నవాడు, పట్టియున్నవాడు. పట్టాదారు, కౌలుదారు, ఇనాందారు, వాటాదారు, హక్కుదారు అను మాటలన్నియు దీనితో నేర్పడినవి. కౌలు అరబ్బీ మాట. వాక్కు, ఒప్పందము అని దాని యర్థము. అనుభవము సంస్కృతము, దానికిని పారసీక ప్రత్యయమే తగిలినది. ఏ భాషనుండి వచ్చిన ప్రకృతియైనను “దారు” చేరినంతనే మనుష్యునికిని వస్తువునకును గల సంబంధపు పేరగును. సంబంధములకు పేర్లు పెట్టు యంత్రమొకటి తెలుగునాట కచేరీలలో శతాబ్దులుగా నడుచుచుండినది. కొత్త పేజీలకై పారిభాషిక పదములను కల్పింప బూనువారు ముందు దీనిని చూచుట మంచిది.

2020 అక్టోబరు 29న ధరణి ప్రారంభమైనది. ఆ యేటి పట్టాదారు పాసుపుస్తకముల చట్టమునకు అనుగుణముగా వచ్చిన ఈ పోర్టలులో పట్టాదారు నిలిచెను. అనుభవదారు కాలమ్ లేకపోయెను. ఆ కాలమ్ వివాదములకు తావిచ్చుచున్నదని ప్రభుత్వపక్షము వాదించినది. కౌలురైతులకును, సాదాబైనామాపై కొనినవారికిని ఆ కాలమ్ తప్ప వేరు ఆధారము లేదని విమర్శించినవారు వాదించిరి. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానమున భూభారతి వచ్చినది. రాజకీయముతో మాకు నిమిత్తము లేదు. మేము చెప్పదలచినది ప్రదర్శనను గూర్చియే. పట్టిక నుండి ఒక కాలమ్ తీయుట సమాచారము తగ్గించుట వంటిదని సాంకేతికునికి తోచును. కాని ఇచట తీయబడినది ఒక సంబంధము. దున్నుచున్నవాడు దున్నుచునే యుండెను. పొలము పొలముగానే యుండెను. రెంటిని కలుపు మాట మాత్రము తెరపై లేదు. బ్యాంకులో నిలబడినవానికి తెరపై లేనిది లోకమున లేనట్లే.

ఖాళీ గడియు ఇట్టి చిక్కునే తెచ్చును. సంబంధము లేదా, ఉండియు తెలియదా, అచట అడుగవలసిన ప్రశ్నయే కాదా? కాడ్ తన తరువాతి రచనలలో, లేని విలువను రెండు తెగలుగా వేరుపఱచవలెనని వాదించెను: ఉండదగియు తెలియనిది ఒకటి, ఉండదగనిదే యొకటి. వాడుకలోనున్న డేటాబేసు భాష ఆ భేదమును పాటింపక రెంటికిని నల్ అను నొకే గుర్తును వాడుచున్నది. పేజీ ఆ గుర్తును ఖాళీగా చూపును. ప్రతిలో లేఖకుని పేరు లేనిచో “లేఖకుడు పేరు చెప్పలేదు” అనుట ఒక విషయము. చివరి ఆకులు పోయినందున తెలియలేదనుట వేరొక విషయము. మా పట్టికలో రెంటికిని గీత యొకటి గీసియుంటిమి.

ఇక తెలుగు సంగతి. బాలవ్యాకరణమున షష్ఠీవిభక్తికి కి, కు, యొక్క, లో, లోపల అనునవి ప్రత్యయములు. తెలుగు వెబ్ పేజీలలో సంబంధమును చూపుట కెల్లచోట్ల “యొక్క” యే వాడబడుచున్నది: “ఇల్లు యొక్క యజమాని”, “ఊరు యొక్క పేరు”, “రాముడు యొక్క పుస్తకము”. ఇది ఆంగ్లానువాదము వలన వచ్చిన దోషమని మనము విసుగుకొందుము. సగమే నిజము. తక్కిన సగము యంత్రపుది. డేటాబేసునందు పేర్లు ప్రథమావిభక్తిలో నిలువయుండును. పేజీ తయారుచేయువాడు ఒక అచ్చు నేర్పరచి, ఖాళీలో ఆ పేరును తెచ్చి పడవేయును. ఇల్లు “ఇంటి” యగుటకును, ఊరు “ఊరి” యగుటకును ఔపవిభక్తికములు కావలెను. ఇ, టి, తి అను నవి ఏ శబ్దమునకు ఏది వచ్చునో యంత్రమునకు చెప్పినవారు లేరు. కావున మార్పు చెందనక్కఱలేని “యొక్క” ను అతడాశ్రయించెను. దీనికి మందు తెలుగువారి చేతనే యున్నది: పేరుతోపాటు దాని ఔపవిభక్తిక రూపమును గూడ మఱియొక గడిలో నిలువచేయుట. స్థలనామములకును, గ్రంథనామములకును మేమట్లే చేసి చూచితిమి. “యొక్క” పేజీనుండి పూర్తిగా పోయినది.

అంతకంటె లోతైన చిక్కు “యొక్క” యొక్క అర్థమున నున్నది. “తిక్కన భారతము” అన తిక్కన రచించినదా, తిక్కన వద్ద నున్నదా, తిక్కనకు అంకితమైనదా? షష్ఠి సంబంధమున్నదని మాత్రము చెప్పును. ఏ సంబంధమో చెప్పదు. మన ప్రాచీనులు దీనిని కారకములలో చేర్పకుండుటకు కారణమిదియే. షష్ఠి క్రియతో అన్వయింపదు, నామముతో అన్వయించును. ఈ భేదమును నేడు పాటించుచున్నవారు మన పొరుగుననే కలరు. గచ్చిబౌలిలోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థలో, అక్షరభారతి బృందము పాణినీయ పద్ధతి ననుసరించి, వాక్యములోని పదముల నడుమ సంబంధములకు గుర్తులు పెట్టినది. ఈ బృందమువారి గ్రంథము 1995లో వెలువడినది. ఆ పద్ధతిలో కర్తకు కె1, కర్మకు కె2, కరణమునకు కె3 గుర్తులు. షష్ఠికి కె6 అని పెట్టలేదు. ఆర్6 అని పెట్టిరి. కె అను అక్షరము కారకమునకు, ఆర్ అను అక్షరము కేవల సంబంధమునకు. డేటాబేసు పేజీని తయారుచేయువారు ఈ యొక్క భేదమును గ్రహించినను సగము మేలు: “యొక్క” అని తోచినచోట, మరుగుననున్న క్రియ యేదని ప్రశ్నించుకొనవలెను.

క్రియ దొరకినచో తెలుగు చేయు మేలొకటి కలదు. ఒకే సంబంధమును కవి పేజీలో నొకవిధముగను, గ్రంథపు పేజీలో నొకవిధముగను చూపవలెను. ఆంగ్లమున దీనికి రెండు పలుకుబడులు కావలెను, ఒకటి కర్తరి, ఒకటి కర్మణి. తెలుగున ధాతుజవిశేషణ మొక్కటియే రెండువైపులకు చాలును. “నన్నయ రచించిన భారతభాగము”, “భారతభాగమును రచించిన నన్నయ”. “ఎల్లయ్య కొనిన చెలక”, “చెలకను కొనిన ఎల్లయ్య”. రచించిన, కొనిన అను రూపము మారలేదు. కావున నడిమి పట్టికలో ధాతుజవిశేషణము నొక్కదానిని నిలువచేసి రెండు పేజీలలోను వాడవచ్చును. ఇరువైపుల మనుష్యులే యున్నచోట మాత్రము జాగ్రత్త కావలెను. “ఎల్లయ్య పెంచిన మల్లయ్య”, “ఎల్లయ్యను పెంచిన మల్లయ్య” అనువాని భేదమంతయు “ను” అను ప్రత్యయమునందున్నది. అచ్చులో ప్రత్యయము జారినచో కొడుకు తండ్రియగును.

బంధుత్వములలో ఇంకొక వింత కలదు. వెబ్‌పై 2012లో ఆరంభమైన వికీడేటా యందు, తండ్రి, తల్లి, సంతానము, తోబుట్టువు అను సంబంధములకు వేరువేరు సంఖ్యలు కలవు. తోబుట్టువున కొకటే సంఖ్య. తెలుగువానికి అన్న వేరు, తమ్ముడు వేరు, అక్క వేరు, చెల్లెలు వేరు. స్త్రీపురుష భేదమును, పుట్టిన తేదీని డేటాబేసు ఎఱిగియున్నచో ఈ నాలుగింటిని అదే గణించి చూపగలదు. మేనమామ, మేనత్త గూడ ఇట్లే గణింపదగినవి. నిలువచేసిన సంబంధమునకును, గణించి చూపిన సంబంధమునకును పేజీపై భేదము కనబడవలెనని మా పట్టుదల. ఏలయన మొదటిదానికి సాక్ష్యము కలదు, రెండవది ఊహ. వికీడేటా ఈ విషయమున మెచ్చదగినది. అందు ప్రతి సంబంధము క్రిందను, అది యే కాలమునకు చెల్లునో చెప్పు విశేషణములు, ఏ గ్రంథము ఆధారమో చెప్పు నిర్దేశము చేర్చుటకు చోటు కలదు.

సంబంధమునకు ఆధారము చూపు పద్ధతి హైదరాబాదు వీథులకు వికీడేటా నేర్పినది కాదు. శేరిలింగంపల్లిలో ఇల్లు కొనబోవువానిని బ్యాంకువారు మొదట అడుగునవి లింకు డాక్యుమెంట్లు. నేటి క్రయదస్తావేజు, అమ్మువానికి ఆస్తి ఏ నంబరు దస్తావేజుచే సంక్రమించెనో చెప్పును. ఆ దస్తావేజు దాని ముందుదానిని చెప్పును. ఒక్కొక్క లంకెకును పేరు కలదు: క్రయము, దానము, భాగపరిష్కారము, వీలునామా. తేదీ కలదు, సాక్షులు కలరు. ఇక హద్దులు. తూర్పున ఫలానావారి పొలము, పడమట బాట అని చెప్పు పద్ధతి తూర్పు చాళుక్యుల తామ్రశాసనముల నాటినుండి కలదు. పొలమునకు పొలముతో గల సంబంధమే ఇచట చెప్పబడుచున్నది. ఒకని తూర్పుహద్దు వేరొకడైనచో, ఆ వేరొకని పడమటిహద్దు మొదటివాడు కావలెను. రెండు రికార్డులను కలిపి చూచినచో తప్పు తానే బయటపడును. కాగితములు వేరువేరు బీరువాలలో నున్నంతకాలము ఆ పరీక్ష కష్టము; డేటాబేసునకు అది క్షణము పని. చూపునట్టి పేజీ మాత్రము మా కంటబడలేదు.

సంబంధములను బొమ్మగా చూపు మార్గములు పెక్కు కలవు: గడిలోనే ఆవలి పేరును చూపుట, తల్లి రికార్డు క్రింద పిల్ల రికార్డులను వరుసగా చూపుట, చెట్టుగా గీయుట, చుక్కలు గీతల వలగా గీయుట. వల చూచుటకు సొంపుగా నుండును. సభలలో చప్పట్లు తెచ్చును. చుక్కలు ముప్పది దాటిన పిదప అది చిక్కుపడిన నూలుండ. చెట్టు వంశమునకు బాగుగా నుండును, మేనరికము వచ్చువఱకు. మేనరికముతో కొమ్మలు మరల కలిసికొని చెట్టు చెట్టు గాకపోవును. మా అనుభవమున చదువరికి వెంటనే బోధపడునది వాక్యము. పేరున్న సంబంధము వాక్యముగా వ్రాయవచ్చును. వాక్యముగా వ్రాయలేనిదానికి పేరు లేదని తెలిసికొనవచ్చును.

ఇది పరీక్షగా పట్టుకొని భూమి రికార్డులలోని “తండ్రి/భర్త పేరు” అను కాలమ్‌ను చూడుడు. స్త్రీ పేరిట పట్టా యున్నచో ఎదురుగా వెంకయ్య యని యుండును. వెంకయ్య ఆమెకు తండ్రియా, భర్తయా? రెండు సంబంధముల నడుమ ఏటవాలు గీత యొకటి నిలిచినది. మా పట్టికలోని కామాకు అది తోబుట్టువు. 1985 సెప్టెంబరు 5 నుండి ఆంధ్రప్రదేశమున అప్పటికి అవివాహితలైన కుమార్తెలకును, 2005 నుండి దేశమున కుమార్తెలందఱకును ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో సమానహక్కు వచ్చినది. కుమార్తెగా వచ్చిన భూమికిని, భార్యగా వచ్చిన భూమికిని ముందు వెనుకల వెదకవలసిన లింకు దస్తావేజులు వేరు, అడుగవలసిన వారసులు వేరు. సంబంధమునకొక గడి, పేరునకొక గడి యేర్పఱచి, “వెంకయ్య కుమార్తె” అనియో, “వెంకయ్య భార్య” అనియో చూపుటకు ఎక్కువ పని పట్టదు. పాతరికార్డులలో ఏదియో తెలియనిచోట “తెలియలేదు” అని వ్రాయుటకు మాత్రము కొంత ధైర్యము కావలెను.

మా పేజీ నిప్పుడు సరిదిద్దితిమి. అరణ్యపర్వపు ప్రతి నొత్తినచో, నన్నయ రచించిన భాగము, ఎఱ్ఱన నన్నయ పేర పూరించిన శేషము అని రెండు వరుసలు కనబడును. రెండవ వరుస క్రింద ఏ పద్యముల ఆధారమున అట్లు చెప్పుచున్నామో కనబడును. ఎఱ్ఱన పేజీకి పోయినచో అదే సంబంధము ఆవలివైపు నుండి కనబడును. భాస్కరరామాయణము మాత్రము ఇంకను మిగిలియున్నది. హుళక్కి భాస్కరుడు, మల్లికార్జునభట్టు, కుమార రుద్రదేవుడు, అయ్యలార్యుడు అను నలుగురిని ఏ యే కాండములకు, ఏ యే భాగములకు కలుపవలెనో మేమును మా సహాధ్యాపకులును చర్చించుచున్నాము. మా విద్యార్థి ఈ ఆదివారము మరల ఫోను చేసెను. ఆ గడులను తెలియనివిగా నుంచుమని చెప్పితిమి.